మా యాసకి నవ్వుతున్నారా, మా అమ్మకి నవ్వుతున్నారా?

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. వయసు ఇరవై ఆరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిన్నరగా శని, ఆదివారాల్లో ఓపెన్ మైక్‌లకి వెళ్లి స్టాండప్ కామెడీ చేస్తున్నాను. మొదట ఆరు నెలలు ఆఫీసు, ట్రాఫిక్, పెళ్లిచూపుల మీద జోకులు వేశాను. ఒక్కరు కూడా నవ్వలేదు. ఒకరోజు ఏమీ తోచక మా అమ్మ గ్యాస్ బండ బుక్ చేయడానికి పడే తిప్పలు చేసి చూపించాను. రికార్డు గొంతు 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అంటుంది. అమ్మ 'ఏటి? నానేటి నొక్కాలమ్మా?' అంటుంది. 'ఏటి' అన్నప్పుడల్లా హాలంతా ఒకటే నవ్వులు. షో పెట్టేవాళ్లు 'యాస ఇంకా పెంచు, నీ ప్లస్ పాయింట్ అదే' అన్నారు. పెంచాను. తర్వాత డిగ్రీ హాస్టల్‌లో నా రూమ్‌మేట్, సీతంపేట వైపు సవర తెగ కుర్రాడు, వాడి తెలుగు మీద రెండు నిమిషాల బిట్ కూడా కలిపాను.

ఆ వీడియో బాగా తిరిగింది. మా పక్కింటి అప్ప అమ్మకి చూపించింది. అమ్మ ఫోన్ చేసి 'నానలాగే మాట్లాడతానేట్రా?' అని ఒక్క మాట అడిగింది. తిట్టలేదు. అప్పట్నుంచి ఫోన్‌లో తక్కువ మాట్లాడుతోంది. ఈ మధ్య నాతో 'ఏంటి' అంటోంది. రూమ్‌మేట్ మా హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లోంచి వెళ్లిపోయాడు. కారణం చెప్పలేదు.

నాకు టెన్షన్‌గా ఉంది. కానీ ఒక డౌటు. అమెరికాలో కమెడియన్లు నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఇండియన్లు అని జాతుల మీదే జోకులు వేస్తారు కదా? మన ఇండియన్ మూలాలున్న కెనడా కమెడియన్ రసెల్ పీటర్స్ వాళ్ల నాన్న యాస చేస్తాడు కదా? నేనూ నా వాళ్ల మీదే వేశాను. తప్పేమిటి? నా పేరు వేయకండి. పదిహేను నిమిషాల సెట్ వీడియో పంపుతున్నాను.

జవాబు:

బాబూ, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు. నా చిన్న కొడుకు నీకంటే పెద్దవాడు.

నీ వీడియో రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వాను, గ్యాస్ బండ దగ్గర గట్టిగానే. అది దాచిపెట్టి నీకు నీతులు చెబితే బాగుండదు. రెండోసారి కాగితం, పెన్ను పట్టుకుని, జనం నవ్విన ప్రతిచోటా ఒక గీత గీసుకుంటూ చూశాను. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. సగానికి పైగా గీతలు 'ఏటి', 'నాను', 'సెప్పు' అనే మాటల పక్కనే పడ్డాయి. నువ్వింకా జోకు పూర్తి చేయలేదు, మాట నోట్లోంచి జారిందో లేదో హాలు నవ్వేసింది.

ఇప్పుడు ఇదే సెట్‌ని శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఏదో టీ కొట్టు ముందు చెప్పావనుకో. టీ పోసేవాడే 'ఏటి కావాల?' అని అడిగే చోటు అది. ఆ మాటకి అక్కడ ఎవరు నవ్వుతారు? ఆ నవ్వులన్నీ తీసేశాక ఏం మిగులుతుందో అదీ నువ్వు రాసిన జోకు. తీసేసిన నవ్వులు నువ్వు సంపాదించినవి కావు. ఎన్నో ఏళ్లుగా సినిమాల్లో పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, ఎవరో ఒకరి చేతిలో మోసపోయే అమాయకుడికీ మన యాస తగిలించి జనం చెవులకి అలవాటు చేశారు. 'ఏటి' వినబడితే నవ్వాలని వాళ్లకి ముందే తెలుసు. నువ్వు చేస్తున్నది ఆ బటన్ నొక్కడం. నవ్వు కోసం ఒకటి నొక్కండి.

నీ గ్యాస్ బండ బిట్‌లో ఆ టీ కొట్టు ముందు కూడా నిలబడే సరుకు ఉంది. అమ్మ రికార్డు గొంతుని మనిషే అనుకుంటుంది. ఆ గొంతు 'దయచేసి వేచి ఉండండి' అంటే అమ్మ 'అలాగేనమ్మా, నాకేటి తొందర్లేదు, నువ్వు నీ పని సూసుకో' అంటుంది చూడు, నేను గట్టిగా నవ్వింది అక్కడే. మరో క్షణానికి గొంతు పట్టేసింది కూడా. ఎదురుగా మనిషి ఉన్నా లేకపోయినా మర్యాద తప్పని మనిషి ఒకరు, ఆ మర్యాదకి బదులివ్వడం చేతకాని మెషీన్ ఒకటి. ఇది టెక్కలిలో పేలుతుంది, తెనాలిలో పేలుతుంది. నువ్వేమో అక్కడ ఆగలేదు. నవ్వు కొంచెం తగ్గిందనిపించి, మళ్లీ వరసగా నాలుగు 'ఏటి'లు విసిరావు. మంచి కూర వండి, రుచి చూడకుండానే పైన ఇంత కారం కుమ్మరించినట్టు.

ఇంకో సంగతి నువ్వు గమనించి ఉండవు. సెట్ మొత్తంలో కథ చెప్పేది నువ్వు. ఆ నువ్వు మాట్లాడేది టీవీ యాంకర్ తెలుగు, మధ్యమధ్య ఇంగ్లిష్. తెలివైన మాటలన్నీ ఆ గొంతులోనే. అమ్మ రాగానే యాస, ఊరి ఆటో అన్న రాగానే యాస, సర్పంచి రాగానే యాస. అంటే కథ చెప్పేవాడు ఒక భాష వాడు, కథలో అవకతవక పనులు చేసేవాళ్లందరూ ఇంకో భాషవాళ్లు. హీరోకి ఒక తెలుగు, పనివాడికి ఒక తెలుగు అని సినిమావాళ్లు చేసిందే నువ్వు ఒక్కడివే రెండు వేషాలూ కట్టి చేస్తున్నావు. 'నా వాళ్ల మీదే కదా' అని రాశావు. స్టేజ్ మీద నువ్వు నీ వాళ్ల పక్కన నిలబడలేదు బాబూ. హాలు వైపు వెళ్లి నిలబడి, వాళ్లని వేలుపెట్టి చూపించావు.

మీ అమ్మగారు పట్టుకున్నది కూడా అదే అనుకుంటాను. ఆవిడ 'నామీద జోకు వేస్తావా' అనలేదు. మన పల్లెల్లో కొడుకు అమ్మని ఆటపట్టించకుండా ఏ ఇంట్లో ఉంటాడు? 'నానలాగే మాట్లాడతానేట్రా' అంది. తన మాట తన కొడుక్కి ఎలా వినబడుతోందో ఆ రోజే మొదటిసారి విన్నది ఆవిడ.

ఆవిడ నీతో 'ఏంటి' అంటోందని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర పెరిగినదాన్ని. చదువుకోవడానికి వేరే ఊరి హాస్టల్‌లో చేరినప్పుడు మూడు నెలల్లో 'ఏటి' మానేశాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మెస్‌లో నేను నోరు తెరిస్తే ఇద్దరు అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు, అంతే. దసరా సెలవులకి ఇంటికొచ్చి మా నాన్నతో 'ఏంటి నాన్నా' అన్నాను. ఆయన అన్నం తింటూ తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ తల దించుకుని తిన్నారు. ఆ చూపు నాకు నలభై ఏళ్లుగా గుర్తుంది. మా నాన్న విషయంలో యాస మార్చుకున్నది కూతురు. మీ ఇంట్లో కొడుకు కోసం తల్లి మార్చుకుంటోంది.

అన్నట్టు, మాట వచ్చింది కాబట్టి. అసలు మాట 'ఏమిటి'. మధ్యలో 'మి'ని సున్నా చేసి 'ఏంటి' అన్నారు అటువైపువాళ్లు. మనవాళ్లు ఆ సున్నాని కూడా మింగేసి 'ఏటి' అన్నారు. ఒక అక్షరం మింగినవాడు శుద్ధమైన తెలుగువాడు, సున్నా కూడా మింగినవాడు మొరటువాడు అయిపోయాడు. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, నీకు ఇదొక మంచి బిట్. ఉచితంగా తీసుకో.

ఇక అమెరికా సంగతి. ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడ నల్లవాళ్ల చరిత్రలో బానిసత్వం ఉంది, కొరడా ఉంది, ఉరితాడు ఉంది. మన యాసకి పడే వెక్కిరింతని దాని పక్కన పెట్టి సమానం అనే ధైర్యం నాకు లేదు. కానీ ఒక జాతి మీద నవ్వు ఎలా పనిచేస్తుందో వాళ్లు మనకంటే చాలా ముందు, చాలా కష్టపడి తెలుసుకున్నారు.

1830ల నుంచి అక్కడ తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ల నడక, మాట, పాట వెక్కిరించే ప్రదర్శనలు ఇచ్చేవారు. జనం విరగబడి చూసేవారు. ఎంతగా అలవాటు పడ్డారంటే, తర్వాత నిజమైన నల్లవాడు స్టేజ్ ఎక్కినా అదే వేషం కట్టాల్సి వచ్చింది. బెర్ట్ విలియమ్స్ అని ఆ రోజుల్లో చాలా పెద్ద హాస్యనటుడు ఉండేవాడు. నల్లజాతివాడే. కొంచెం ఛాయ ఉన్న మనిషి. ఆయన కూడా కాల్చిన బెండు మసి మొహానికి రాసుకుని స్టేజ్ మీదికి వచ్చేవాడు. నల్లవాడు నల్లవాడిగా ఒప్పుకోబడాలంటే పైన ఇంకో పొర నలుపు పూసుకోవాలి!

నీ షో పెట్టేవాళ్లు 'యాస ఇంకా పెంచు' అన్నారని చదవగానే నాకు ఆ మసే గుర్తొచ్చింది. మీ అమ్మగారు అలా సాగదీసి మాట్లాడరని నాకు తెలుసు. మన ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. నువ్వు స్టేజ్ మీద చేస్తున్నది అమ్మ యాస కూడా కాదు, అమ్మ యాస మీద పూసిన మసి. అందుకే ఆవిడకి అది తన గొంతులా వినబడలేదు. 'అలాగేనా?' అని అడిగింది.

1961లో షికాగోలో డిక్ గ్రెగరీ అనే నల్లజాతి కమెడియన్ తెల్లవాళ్లు నిండిన క్లబ్బులో నిలబడి హోటల్ జోకు చెప్పి పేరు తెచ్చుకున్నాడు. హోటల్లో వడ్డించే ఆవిడ 'మేం ఇక్కడ నల్లవాళ్లని వడ్డించం' అంటుంది. 'పర్వాలేదమ్మా, నేను నల్లవాళ్లని తినను, ఒక కోడి వేయించి తెచ్చిపెట్టు' అంటాడితను. ఈ జోకులో యాస ఎక్కడుంది? వెక్కిరింపు గొంతు ఎక్కడుంది? జాతి మీద జోకే, కానీ నవ్వు పోయి పడింది ఆ హోటల్ రూలు మీద. హాల్లో కూర్చున్న తెల్లవాళ్లు నవ్వింది తమ ఊళ్లలో తాము పెట్టుకున్న రూలుకే. దీన్ని ఏడు రోడ్ల జంక్షన్‌లో చెప్పినా నవ్వుతారు. జాతి బదులు కులం పేరు పెట్టి చెబితే ఎవరు నవ్వుతారో, ఎవరు నవ్వరో కూడా నీకు బాగా తెలుసు.

డేవ్ షపెల్ అనే అమెరికా నల్లజాతి కమెడియన్ సంగతి నువ్వు విని ఉంటావు. 2005లో, ఐదు కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో ఉండగా, టీవీ షో మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. పిచ్చెక్కిందన్నారు. తర్వాత ఏడాది ఓప్రా విన్‌ఫ్రీ టీవీ షోలో కూర్చుని ఆయనే చెప్పాడు. మొహానికి మసి పూసుకున్న ఒక బొమ్మలాంటి పాత్ర వేస్తూ, ఆ మసి వేషాన్నే వెటకారం చేస్తూ ఒక స్కెచ్ షూటింగ్ చేస్తున్నాడు. సెట్‌లో ఒక తెల్లతను నవ్వాడు. ఆ నవ్వు షపెల్‌కి తేడాగా తగిలింది. ఇతను నాతో కలిసి నవ్వుతున్నాడా, నన్ను చూసి నవ్వుతున్నాడా అనే అనుమానం వచ్చింది. అంత చేయి తిరిగిన మనిషికి, అంత డబ్బు ముందు, ఒక్కడి నవ్వు చాలు అక్కడి నుంచి లేచిపోవడానికి. నీకు ఆ నవ్వు వినబడలేదని నేననుకోను. వినబడింది కాబట్టే నాకు ఉత్తరం రాశావు. అమ్మ అడిగాక వినబడింది, అంతే తేడా.

రసెల్ పీటర్స్ వాళ్ల నాన్న యాస చేస్తాడు, నిజమే. కానీ బాగా పేరొచ్చిన ఆ బిట్‌లో తండ్రి కొడుకుని తన్నేవాడు, కొడుకు తన్నులు తినేవాడు. ఇరుక్కునేది రసెల్. తండ్రి మాట ఎంత యాసగా ఉన్నా ఆ ఇంట్లో అధికారం ఆయనది. నీ బిట్‌లో కొడుకు ఎక్కడున్నాడు? ఏసీ గదిలో కూర్చుని, అమ్మకి యాప్‌లో బండ బుక్ చేసిపెట్టడానికి రెండు నిమిషాలు తీరిక లేని కొడుకు ఎక్కడ? ఆ కథలో అందరికంటే నవ్వులపాలు కావాల్సిన మనిషి వాడు. వాడినే తప్పించేశావు.

మనవాడి సంగతి ఒకటి చెప్పి ఈ పురాణం ఆపుతాను. హరి కొండబోలు. పేరు వింటేనే తెలుస్తుంది కదా. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లు, తను న్యూయార్క్‌లో పుట్టాడు, స్టాండప్ చేస్తాడు. అక్కడ ది సింప్సన్స్ అని 1989 నుంచి వస్తున్న కార్టూన్ సీరియల్‌లో అపు అని ఒక ఇండియన్ కొట్టువాడు ఉంటాడు. వాడికి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఇండియన్ పిల్లల్ని బడిలో ఆ గొంతుతోనే ఏడిపించేవారు. ఒక తెల్లవాడు తన తండ్రిని వెక్కిరిస్తుంటే, ఆ వెక్కిరించేవాడిని ఇంకో తెల్లవాడు అనుకరించినట్టు ఉంటుంది ఆ గొంతు అన్నాడు హరి. 2017లో దానిమీద డాక్యుమెంటరీ కూడా చేశాడు. చాలామంది తిట్టారు, జోకుని జోకుగా తీసుకోలేడన్నారు. 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. మన తెలుగువాళ్లం ఇది చదివి భలే అనుకుంటాం. అక్కడ మన యాసని వెక్కిరిస్తే జాతి వివక్ష. ఇక్కడ పనిమనిషి పాత్రకి సిక్కోలు యాస పెడితే కామెడీ ట్రాక్.

ఇప్పటిదాకా నీతో మెత్తగానే మాట్లాడాను. సవర కుర్రాడి విషయంలో అలా మాట్లాడలేను.

అమ్మ మీద జోకు వేయడానికి నీకు ఎంతో కొంత హక్కు ఉంది. ఆవిడ యాస నీ యాస కూడా. సవర నీది కాదు. అది తెలుగుకి చెడిపోయిన రూపం కాదు, అసలు తెలుగు కుటుంబానికి చెందిన భాషే కాదు. ముండా భాషల్లో ఒకటి. దాని చుట్టాలు ముండారి, సంతాలీ. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి తెలుగు రెండో భాష. బడిలో చేరాక, లెక్కలూ సైన్సూ నేర్చుకుంటూనే దాన్నీ నేర్చుకుంటాడు. నీ రూమ్‌మేట్ పరాయి భాషలో పరీక్షలు రాసి, నువ్వు తెచ్చుకున్న డిగ్రీనే తెచ్చుకున్నాడు. హైదరాబాద్‌వాళ్లు నీ 'ఏటి'కి నవ్వుతుంటే నీకు ఎక్కడో నొప్పిగా ఉండి ఉంటుంది. ఆ నొప్పిని పట్టుకెళ్లి నీకంటే కింద మెట్టు మీద నిలబడ్డవాడి నెత్తిన పెట్టావు.

నన్ను కూడా వదలను. చాలా ఏళ్ల కిందట ఏజెన్సీకి దగ్గర్లో ఒక స్కూల్లో పనిచేశాను. ఏడో తరగతిలో ఒక సవర పిల్ల. 'ఆలస్యమైందేం' అని అడిగితే 'అమ్మ వచ్చాడు' అంది. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. వెంటనే సర్దుకుని 'వచ్చింది అనాలమ్మా' అని ప్రేమగానే దిద్దాను. 'వచ్చాడు', 'వచ్చింది' తేడా మనకి ఉయ్యాలలోనే చెవిన పడింది, ఆ పిల్లకి పడలేదు, అంతే. మిగతా ఏడాదంతా నా క్లాసులో ఆ పిల్ల ప్రశ్నకి జవాబు చెప్పలేదు. తల ఊపేది. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి, అందుకని నేనూ పట్టించుకోలేదు. నలుగురికీ తెలిసేలా ఈ సంగతి రాయడం ఇదే మొదటిసారి.

మీ జిల్లాలోనే పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు, చదువులు ఉండాలని పోట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజే మనకి తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మన బళ్లలో స్టేజ్ ఎక్కిన పిల్లవాడు 'ఏటి' అంటే టీచర్లమే దిద్దుతాం, అదొక వింత. కానీ నేను చెప్పదలచుకున్నది వేరే. ఆయన తెలుగుకంటే ముందు పట్టుకున్నది సవరని. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ కొండలెక్కి, వాళ్ల దగ్గర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టి, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. పరాయివాడి మాట వినడానికి వెళ్లి చెవులే ఇచ్చేసిన మనిషి నూరేళ్ల కిందటే మన పక్క ఊళ్లో ఉన్నాడు. నువ్వు మూడేళ్లు ఒకే గదిలో పడుకున్నావు. సవరలో 'అన్నం తిన్నావా' ఎలా అంటారో తెలుసా నీకు?

తెలియదు కదా. అదిగో, ఆ రూమ్‌మేట్ బిట్‌లో జోకు అదే. మూడేళ్లు పక్క మంచం మీద ఉన్నవాడి తెలుగులో తప్పులు లెక్కపెట్టినవాడు, వాడి భాషలో ఒక్క ముక్క నేర్చుకోలేదు. వాడికి రెండు భాషలు వచ్చు, ఇంగ్లిష్‌తో మూడు. నీకు ఒకటిన్నర. ఈ లెక్క హాల్లో చెప్పి చూడు, ఎవరిని చూసి నవ్వుతారో. కానీ అది కూడా ఇప్పుడే కాదు, వాడితో మాట్లాడాక. వాడు వద్దంటే అదీ వద్దు.

చట్టం గురించి ఒక్క మాట. ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందు కావాలని అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నీ బిట్ దాని కిందికి వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి. పోలీసులకి భయపడి తీసేస్తే మాత్రం నాకేమీ సంతోషం లేదు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఈ కాగితం పక్కన పెట్టగానే రూమ్‌మేట్ బిట్ ఉన్న వీడియో తీసేయ్. ఎడిట్ చేసి మళ్లీ పెడదామనుకోకు, తీసేయ్. తర్వాత వాడికి ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు. ఎత్తకపోతే మర్నాడు మళ్లీ ఒకసారి. ఎత్తితే 'సరదాకి చేశాన్రా' అనే మాట నోట్లోంచి రానివ్వకు. తప్పు చేశాను, వీడియో తీసేశాను అని రెండు ముక్కలు చెప్పి ఊరుకో. వాడు తిడితే విను. ఏమీ అనకుండా పెట్టేస్తే అది కూడా వాడి ఇష్టమే. గ్రూప్‌లోకి మళ్లీ చేర్చకు, వాడు అడిగితే తప్ప.

అమ్మ దగ్గరికి ఫోన్ పనికిరాదు. సెలవు పెట్టి వెళ్లు. రాత్రి విశాఖ రైలో, పలాస రైలో ఏది దొరికితే అది ఎక్కు. వెళ్లి సారీ చెప్పకు, ఆవిడకి సారీతో పనిలేదు. భోజనాలయ్యాక ఆవిడ ముందు నిలబడి గ్యాస్ బండ బిట్ చేసి చూపించు. సాగదీయకుండా, ఆవిడ నిజంగా ఎలా అంటుందో అలా. యాప్‌లో బుక్ చేయడానికి బద్ధకించిన కొడుకుని కూడా కలుపు. ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ మొహం ముడుచుకుంటుందో చూడు. 'అలా అన్లేదురా నాను, ఇలా అన్నాను' అని ఆవిడే దిద్దుతుంది, చూస్తూ ఉండు. ఆ వీడియో ఉంచాలో తీసేయాలో ఆవిడనే అడుగు. తీసేయమంటే బేరం పెట్టకు.

యాస మానేయమని మాత్రం నేను చెప్పను. తిరగేయమంటున్నాను. కథ చెప్పే 'నువ్వు' మొదటి మాట నుంచి చివరి మాట దాకా సిక్కోలు తెలుగులో మాట్లాడు, తెలివైన మాటలు కూడా. ఈఎంఐ గురించి, అప్రైజల్ గురించి, హెచ్ఆర్ మేనేజర్ గురించి అందులోనే చెప్పు. యాంకర్ తెలుగు హెచ్ఆర్‌కి ఇచ్చెయ్. 1892లో మన విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. అందులో గిరీశం ఇంగ్లిష్ ముక్కలు దంచితే జనం ఇప్పటికీ ఆ దంచుడుకే నవ్వుతారు. మొదటి రెండు నిమిషాలు నీ హాలు అలవాటుకొద్దీ 'నాను' దగ్గర నవ్వుతుంది. నవ్వనీ. ఆగి చూడకు, మాట సాగదీయకు, నీ దోవన నువ్వు పో. మూడో నిమిషానికి అది మామూలు మాటైపోతుంది. అప్పుడు జోకులు వినడం మొదలుపెడతారు. జోకులు బాగా లేకపోతే ఎవరూ నవ్వరు, ఆ రిస్కు ఉంది మరి. మొదటి ఆరు నెలల్లా మళ్లీ నిశ్శబ్దంగా ఉండొచ్చు కొన్నాళ్లు.

షో పెట్టేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. స్లాట్ తగ్గిస్తామనొచ్చు. ఉద్యోగం ఉంది కదా నీకు, ఓపెన్ మైక్‌లో ఎలాగూ డబ్బులివ్వరు. పోయేదేముంది? హాల్లో ఎవడైనా 'ఏటి ఏటి' అని అరిస్తే 'చెప్పన్నా, నీకేటి కావాల?' అని మామూలుగా అడిగి, వాడు జవాబు చెప్పేదాకా ఆగు. పాపం, వాడి దగ్గర రెండో మాట ఉండదు.

చివరగా, నీ సెట్‌లో పైడితల్లమ్మ సిరిమాను బిట్ ఉంది కదా, అంత ఎత్తున ఊగుతున్న పూజారికి సేఫ్టీ బెల్ట్ లేదేంటని నీ హైదరాబాద్ ఫ్రెండ్ అడిగేది. అది చాలా బాగుంది, ముట్టుకోకు. జనం విసిరే అరటిపళ్ల ముక్క ఇంకొంచెం పెంచినా పర్వాలేదు. కానీ అందులో జాతర ఆదివారం అని చెప్పావు. ఆదివారం కాదు, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. విజయనగరంలో ఈ బిట్ చెప్పేలోపు అది దిద్దుకో, లేకపోతే మైక్ లాక్కుంటారు.